బీడింగ్ కింద ఇనుము

యజమాని: ఈ పని నేనే చేసుకుంటాను, మేస్త్రీ గారూ. నాలుగు డోర్లకూ గ్లాసు బయటివైపు ఉండే బీడింగులు ఎండిపోయి పగిలాయి. కొనల దగ్గర ముడుచుకుపోయి సందులు వచ్చాయి. గ్లాసు దించితే గీరుకుంటున్న చప్పుడు, బండి వేగం పెరిగితే గాలి ఈల. 2004 మోడల్ జెన్‌కి ఇన్నాళ్లు అవి నిలవడమే గొప్ప. పాతవి ఊడదీసి కొత్తవి నొక్కి కూర్చోబెట్టడానికి ఇంకొకరి చెయ్యి అక్కర్లేదని నా నమ్మకం.

మేస్త్రీ: కష్టమైన పని కాదమ్మా, ఆ మాట నేనే ముందు ఒప్పుకుంటాను. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట నేర్పే పనుల్లో అదొకటి. కాని బీడింగు ఊడిన పూట డోరు రేకు పైఅంచు బయటపడుతుంది. బండి ఫ్యాక్టరీ దాటాక ఎవరూ చూడని చోటు అది. ఆ అంచు చూసి డోరు లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగిన మనిషి ఆ పూట పక్కన ఉండాలి. నేను పట్టుబట్టేది అందుకే. పాత పట్టీ తీసి కొత్త పట్టీ పెట్టడం ఎవరైనా చేస్తారు.

యజమాని: ఆ ‘ఎవరైనా’ దగ్గరే నా అభ్యంతరం. మీరు చెప్పినట్టయితే ఆ అంచును చూసేది అనుభవం ఉన్న మనిషి కావాలి. కాని ఇంత చిన్న పని అనుభవం ఉన్నవాళ్ల దాకా రాదు. కొత్త కుర్రాడి పని అని మీరే అన్నారు. అతను చేతికందిన ఇనుప స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తుతాడు. రేకు మీద రంగు లేస్తుంది. లేచిన చోటును కొత్త బీడింగు కప్పేస్తుంది కాబట్టి అది నాకు కనపడదు, మీ దృష్టికి రాదు, అతనికి గుర్తుండదు. రెండు వానాకాలాలు గడిచాక బీడింగు కింది నుంచి ఎర్రటి చార దిగుతుంది. అప్పుడు ‘పాత బండి కదమ్మా’ అంటారు. నేను చేసుకుంటే ముందు బీడింగు పొడుగునా రేకు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేస్తాను. ఇనుము వాడను, ప్లాస్టిక్ పట్టీతో ఒక్కో క్లిప్పు దగ్గర కొంచెం కొంచెంగా ఎత్తుకుంటూ పోతాను. నాకు సాయంత్రం దాకా తీరిక ఉంది. మీ కుర్రాడికి లేదు.

మేస్త్రీ: ఎందుకు లేదో కూడా చెప్పుకుందాం. ఇంజను దించితే లేబర్ ఎంతన్నా బేరం కొంచెమే ఉంటుంది. బీడింగుకి లేబర్ అడిగితే ‘నొక్కడానికి కూడా డబ్బులా’ అంటారు. టేపు వేసి, అంచు తుడిచి, రంగు లేచిన చోట ప్రైమర్ కొట్టి, అది ఆరాక బీడింగు నొక్కితే అరపూట పడుతుంది. ఆ అరపూటకు కూలి ఇచ్చేవాళ్లు ఉంటే మా కుర్రాడు కూడా టేపు వేస్తాడు. మా తొందరకు సగం కారణం బయట ఉంది. మిగిలిన సగం మాదే, కాదనను. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తడం తప్పు. రంగు సంగతి సరే, గ్లాసు అంచుకు తగిలితే ఏకంగా గ్లాసే పోతుంది. డోరు గ్లాసు టెంపర్ చేసినది. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కాని అంచు మీద చిన్న దెబ్బ పడితే మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. మీరు ప్లాస్టిక్ పట్టీ అన్నారు, సంతోషం. ఎత్తేటప్పుడు క్లిప్పు విరిగి లోపల పడితే?

యజమాని: దానికీ ఆలోచించాను. గ్లాసు పూర్తిగా దించేశాక ఆ సందులో పాత గుడ్డ మడిచి పెడతాను. విరిగిన ముక్క గుడ్డ మీదే ఆగుతుంది. డోరు వెనక అంచున స్క్రూ ఉందేమో ముందు చూస్తాను. చాలా కార్లలో బీడింగు చివర ఒక స్క్రూ ఉంటుంది, అది తీయకుండా లాగితే వంగిపోతుంది. ముందు డోర్లకు బీడింగు కొస సైడ్ మిర్రర్ మూల కిందికి దూరి ఉంటే మిర్రర్ వదులు చేయాలి. కొత్త బీడింగును కాసేపు ఎండలో పెట్టి వెచ్చబడ్డాక వేస్తాను, అప్పుడు మెత్తగా సాగి మలుపు దగ్గర ముడత పడదు. ముందు కొస సరిగ్గా ఆనించి, అక్కడి నుంచి అరచేత్తో వరసగా నొక్కుకుంటూ వెళ్తాను. మధ్యలో ఎక్కడైనా బలవంతంగా సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే క్లిప్పు తన చోట్లో కూర్చోలేదని అర్థం. అంతా అయ్యాక గ్లాసు పైకి కిందికి నడిపి, బీడింగు పెదవి గ్లాసును పొడుగునా తాకుతోందో లేదో చూస్తాను. ఇందులో నేను వదిలేసిన మెట్టు ఏదైనా ఉందా?

మేస్త్రీ: పని వరకు లేదు. ముందు, వెనక, కుడి, ఎడమ నాలుగూ వేరువేరని కూడా మీకు తెలిసే ఉంటుంది. కొని తెచ్చాక డబ్బా మీద గుర్తు చూసి, పాతదాని పక్కన పెట్టి కొలిచాకే పాతది ఊడదీయండి. ఊడదీశాక కొత్తది సరిపోలేదంటే సందు తెరుచుకున్న డోరుతో బండి వానలో నిలబడుతుంది. కాని మీరు చెప్పినదంతా పట్టీ గురించి. డోరు గురించి ఒక్క మాట రాలేదు.

యజమాని: పట్టీ సరిగ్గా ఉంటే నీళ్లు లోపలికి రావు. నీళ్లు రాకపోతే డోరు బాగుంటుంది. అది వేరే, ఇది వేరే ఎలా అవుతాయి?

మేస్త్రీ: ఇక్కడే తేడా వస్తోంది. కొత్త బీడింగు ఉన్నా నీళ్లు డోరులోకి దిగుతాయమ్మా. పూర్తిగా ఆపడం దాని పని కాదు. వాన నీళ్లలో ఎక్కువ భాగాన్ని గ్లాసు మీది నుంచి తుడిచి బయటికి తోస్తుంది, దుమ్మును ఆపుతుంది, గ్లాసు కొట్టుకోకుండా పట్టుకుంటుంది. మిగిలిన నీళ్లు లోపలికి జారి, డోరు అడుగున ఉన్న బెజ్జాల్లోంచి కిందికి కారిపోవాలి. కంపెనీ డోరును తయారు చేసిందే అలా. మనుషులు కూర్చునే వైపు డోర్ ప్యాడ్ వెనకాల పల్చటి ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది, ఆ నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా. ఏళ్ల తరబడి పగిలిన బీడింగుతో తిరిగిన బండిలో నీళ్లతో పాటు మట్టి కూడా దిగి ఉంటుంది. ఆ మట్టి బెజ్జాలు మూసేస్తుంది. అప్పుడు డోరు అడుగున నీళ్లు నిలుస్తాయి. మీరు పైన కొత్త బీడింగు మెరిసేలా వేసుకుని సంతోషిస్తారు, కింద మడత లోపలి నుంచి తుప్పు తింటూ ఉంటుంది. నేనైతే బీడింగు ముట్టుకునే ముందు వంగి డోరు అడుగు చూస్తాను, సన్నటి తీగతో బెజ్జాలు పొడుస్తాను, చెంబుతో గ్లాసు మీద నీళ్లు పోసి ఎంతసేపటికి కింద కారాయో చూస్తాను. ప్రెషర్ పంపుతో కాదు. దగ్గర్నుంచి ఆ పంపు కొడితే కొత్త బీడింగు కూడా నీళ్లు వదిలేస్తుంది.

యజమాని: ఇది నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. కాని ఇప్పుడు విన్నాను కాబట్టి నేను కూడా చేయగలను. తీగ, చెంబు నా ఇంట్లోనూ ఉన్నాయి. మీరు రెండు నిమిషాల్లో చెప్పిన దాన్ని నేను జీవితాంతం గుర్తుపెట్టుకుంటాను. నా వాదన అక్కడే ఉంది. ఇన్నేళ్లు బండిని షెడ్డుకు ఇచ్చి, సాయంత్రం వచ్చి డబ్బు కట్టి తీసుకెళ్లాను. డోరు అడుగున బెజ్జాలు ఉంటాయని ఒక్కరూ చెప్పలేదు. బండి నాది, దాని గురించి తెలిసింది మాత్రం మీకే. సొంతంగా చేసుకుందామని మొదలుపెట్టాను కాబట్టే ఈ రోజు అడిగాను, మీరు చెప్పారు.

మేస్త్రీ: చెప్పకపోవడం మా తప్పే. అడిగినవాళ్లకు దాచిన మెకానిక్ మాత్రం నాకు తెలిసి తక్కువ. అడిగేవాళ్లు అంతకంటే తక్కువ.

యజమాని: ఒక ఆడమనిషి బండి తీసుకుని ఒంటరిగా షెడ్డుకు వెళ్తే ఏం జరుగుతుందో మీకు తెలుసా? పక్కన మగవాళ్లెవరైనా ఉంటే జవాబు వాళ్ల వైపు తిరిగి చెబుతారు. లేకపోతే ‘సార్‌ని ఫోన్‌లో ఇవ్వండి’ అంటారు. ఒక చోట మార్చక్కర్లేని సామాను మార్చామని బిల్లు వేశారు, ఎందుకు మార్చారని అడిగితే మీకు అర్థం కాదన్నారు. నేను బీడింగుతో మొదలుపెట్టడానికి అదీ ఒక కారణం. ఈ పనిలో ప్రాణభయం లేదు. బ్రేకులు కాదు, స్టీరింగు కాదు. తప్పు జరిగితే గాలి ఈల వేస్తుంది, కాస్త నీళ్లు దిగుతాయి, అంతే. ఇంత తక్కువ ప్రమాదంతో చేయి తిరిగే పని పాత బండిలో ఇంకొకటి ఉందా? ఒక్క డోరు విప్పి చూసిన మనిషికి షెడ్డులో నిలబడి అడిగే ధైర్యం వస్తుంది. నాకు కావలసింది ఆ ధైర్యం. మిగిలే లేబర్ డబ్బు లెక్కలోకి రాదు.

మేస్త్రీ: ఆ మాటకు నా దగ్గర ఎదురు లేదమ్మా. అలా మాట్లాడినవాళ్లు మా పనివాళ్లే అయినా తప్పు తప్పే.

అయితే మీరు మొదలుపెట్టిన తర్కాన్ని నేను మా వైపు నుంచి నడిపిస్తాను, వినండి. ప్రమాదం తక్కువ, చేయి తిరగడానికి అనువైన పని అన్నారు. మా కుర్రాడికి కూడా అది అలాంటి పనే. పద్నాలుగేళ్లకు పనిలో చేరిన రోజులు పోయాయి, పోవడమే మంచిది. ఇప్పుడు పది పాసైనవాడు, ఐటీఐ చదివినవాడు వస్తున్నాడు. అతన్ని తీసుకెళ్లి ఇంజను మీద కూర్చోబెట్టలేను కదా. బీడింగు, వైపర్, డోరు లాక్, గ్లాసు మెషిన్, బల్బు. ఈ చిల్లర పనుల మీదే చెయ్యి కుదురుతుంది. ఎంత బలం పెట్టాలి, ఎక్కడ ఆపాలి అనేది వేళ్లకు తెలిసేది వాటితోనే. ఇప్పుడు చిల్లర పనులన్నీ ఓనర్లు ఇంట్లో చేసుకుంటే, కొత్త కార్లు కంపెనీ సర్వీసుకు పోతే, మాకు మిగిలేది యాక్సిడెంట్ అయిన బండి, పెద్ద తుప్పు పట్టిన బండి. వాటి మీద కొత్తవాడిని పెట్టలేం. ఆటోనగర్‌లో టింకరింగ్ చేసేవాళ్ల వయసు చూడండి, నెరిసిన తలలే ఎక్కువ. ఇంకో పదిహేనేళ్లకు మీ జెన్ డోరు అడుగు కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలంటే ఎవరి దగ్గరికి వెళ్తారు?

యజమాని: ఇది బలమైన మాట. దీనికి తేలిగ్గా జవాబు చెప్పి తప్పించుకోను. కాని బరువు ఎవరి మీద పెడుతున్నారో చూడండి. ఒక వృత్తి నిలబడటానికి కావలసిన చదువు ఖర్చు నా డోరు రంగు మీద పడుతోంది. కుర్రాడు నేర్చుకోవాలి, నిజమే. నేర్చుకునేటప్పుడు అతని పక్కన మీరు నిలబడాలి. నిలబడితే నేను బండి ఇచ్చి వెళ్తాను, లేబర్ కూడా బేరం ఆడను. మీరు నిలబడరు, ఎందుకంటే అదే సమయానికి అవతల ఇంకో బండి కింద పడుకుని ఉంటారు. అప్పుడు అతను నేర్చుకుంటున్నాడా, తప్పులు అలవాటు చేసుకుంటున్నాడా?

మేస్త్రీ: రెండూ. నేను కూడా అలాగే నేర్చుకున్నాను.

యజమాని: మీరు నేర్చుకున్న రోజుల్లో సామాను గట్టిది. అంబాసిడర్ డోరు మీద స్క్రూడ్రైవర్ జారినా రేకు మందం వల్ల బతికిపోయేది.

మేస్త్రీ: మందం వల్ల బతకలేదమ్మా, మందంగా ఉంది కాబట్టి తుప్పు బయటికి రావడానికి ఎక్కువ కాలం పట్టింది. అంతే. అంబాసిడర్ అన్నారు కాబట్టి చెబుతాను. దాని ముందు గ్లాసు చుట్టూ రబ్బరు మార్చడం చూశారా? రబ్బరును ముందు గ్లాసుకు తొడుగుతాం. రబ్బరు గాడిలో చుట్టూ నులక తాడు లాంటి తాడు పెట్టి, కొసలు లోపలికి వదిలి, సబ్బు నీళ్లు రాసి, గ్లాసును బయటి నుంచి ఒకడు అరచేతులతో నొక్కుతుంటే లోపల కూర్చున్నవాడు తాడు కొస లాగుతాడు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కుతుంది. ఇద్దరి చేతులు ఒకే లయలో నడవాలి. 2014లో ఉత్తర్‌పారాలో ఆ బండి తయారీ ఆగిపోయింది. ఆ తాడు పని తెలిసిన కుర్రాడు ఇప్పుడు ఎంతమందిలో ఒకడు ఉన్నాడు? పని అడిగేవాళ్లు లేకపోతే విద్య పోతుంది. బీడింగు విషయంలోనూ నా భయం అది.

యజమాని: మీ భయం అర్థమైంది. నాకొక భయం ఉంది. సామాను సంగతి. ఈ బండికి కంపెనీ బీడింగు దొరకడం కష్టమైపోతోంది. నేను షెడ్డుకు ఇస్తే ఏం వేస్తారు? మీటరు లెక్కన దొరికే రబ్బరు పట్టీ తెచ్చి, జిగురు రాసి అతికించిన బండ్లు చూశాను. ఎండాకాలంలో జిగురు కరిగి పట్టీ జారిపోతుంది. అసలు ఏ రబ్బరు అన్న పట్టింపే ఉండదు. ఈపీడీఎం రబ్బరైతే ఎండను, గాలిలోని ఓజోన్‌ను తట్టుకుంటుంది. పీవీసీ అయితే దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం ఏళ్లకొద్దీ ఎండకు బయటికి పోతుంది, పట్టీ గట్టిపడి కుంచించుకుపోతుంది. నా పాత బీడింగుల కొసల దగ్గర సందులు అందుకే వచ్చాయి. ఈ తేడా అడిగి మరీ కొనేది ఎవరు? బండి యజమాని. మూడు దుకాణాలు తిరిగే ఓపిక మీ కుర్రాడికి ఎందుకుంటుంది?

మేస్త్రీ: దుకాణంలో పీవీసీయా, ఈపీడీఎమ్మా అని అడిగితే కౌంటర్ వెనకాల ఉన్నాయన ఏదో ఒకటి చెప్పి పంపిస్తాడు. నేను చేత్తో పట్టుకుంటాను. మడిచి వదిలితే ఎంత తొందరగా తిరిగి వస్తోంది, లోపలి ఇనుప పట్టీకి పూత ఉందా, కోసిన కొసల దగ్గర ఇనుము బయటికి కనిపిస్తోందా, గ్లాసును తాకే పెదవి మీద మఖమల్ లాంటి నూగు ఒత్తుగా ఉందా, గోటితో గీరితే రాలుతోందా. కొస దగ్గర ఇనుము బయటికి ఉంటే మొదటి వానాకాలానికే తుప్పు ఉబ్బి రబ్బరును చీలుస్తుంది. నూగు రాలే రకమైతే గ్లాసు మీద నిలువు గీతలు పడతాయి. మీరు ఫోన్‌లో ఫొటో చూసి తెప్పించుకుంటారు, ఇవేవీ ఫొటోలో కనిపించవు.

కాని మీరు సామాను గురించి ఎత్తారు కాబట్టి పాత మాట ఒకటి ఎత్తుతాను. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. ఒరిజినల్ విడిభాగాలు, రిపేరుకు కావలసిన వివరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశాయని. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. ఆ తీర్పు వచ్చినప్పుడు మా షెడ్లలో సంతోషించాం. దానివల్ల బాగుపడాల్సింది మేమూ మీరూ కూడా. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు కూడా అంతే. పొలం యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలను కూడా అందులో చేర్చారు. ఓనరూ, వీధి మెకానికూ ఒక పక్క, కంపెనీ ఇంకో పక్క అనుకున్నాను. తీరా తలుపు తెరుచుకున్నాక మీరు ఒక్కరే లోపలికి వెళ్తున్నారు.

యజమాని: ఆ హక్కు ఎవరి దగ్గర బాగు చేయించుకోవాలో ఎంచుకునే హక్కు కదా? ఎంచుకునేవాళ్ల జాబితాలో నేనూ ఉండాలి. నన్ను నేను ఎంచుకుంటే మీకు ద్రోహం చేసినట్టు ఎలా అవుతుంది?

మేస్త్రీ: ద్రోహం అనలేదమ్మా. నా బాధ చెప్పుకున్నాను.

యజమాని: నిజమే. ఆ మాటను నేను వేరేగా తీసుకున్నాను.

మేస్త్రీ: ఇంకో సంగతి. బీడింగు వేశాక నిగనిగలాడాలని ఏదైనా స్ప్రే కొడతారా?

యజమాని: సిలికాన్ స్ప్రే. గ్లాసు సాఫీగా జారుతుంది, రబ్బరు ఎండకు తట్టుకుంటుంది. పెట్రోలియం ఉన్నవి వాడను, రబ్బరును ఉబ్బిస్తాయి.

మేస్త్రీ: రబ్బరుకు మంచిదే. రంగుకు కాదు. స్ప్రే తుంపర డోరు రేకు మీద పడి ఉండిపోతుంది, కంటికి కనపడదు. ఏడాది తర్వాత ఆ డోరు పెయింటింగ్‌కి వస్తే, కొత్త రంగు ఆ మరకల మీద నిలవదు. చిన్నచిన్న గుంటలు గుంటలుగా విడిపోతుంది. పెయింటర్ తన గన్ను బాగోలేదనుకుంటాడు, గాలిలో నీళ్లున్నాయనుకుంటాడు, మళ్లీ రుద్ది మళ్లీ కొడతాడు. అసలు కారణం ఓనర్ ఇంటి దగ్గర కొట్టిన స్ప్రే అని అతనికి ఎవరు చెబుతారు? బండి మీద ఒకరు చేసిన పని తర్వాతి వాడి చేతికి వస్తుంది. మేం ఒకే చోట పక్కపక్క షెడ్లలో ఉంటాం కాబట్టి ఒకరికొకరం చెప్పుకుంటాం. మీ గరాజ్‌లో జరిగింది ఎవరికీ తెలియదు.

యజమాని: గుడ్డకు రాసుకుని ఆ గుడ్డతో పెదవికి రాస్తాను. స్ప్రే కొట్టను. మీ వాదన మాత్రం నాకు అనుకూలంగానే ఉంది. చేసినది రాసి ఉంచితే తర్వాతి వాడికి తెలుస్తుంది. ఏ తేదీన ఏ డోరు విప్పాను, ఏం రాశాను, రేకు ఎలా ఉంది, ఫొటోతో సహా నా దగ్గర ఉంటుంది. షెడ్డులో చేసిన పనికి అలాంటి రాత ఎప్పుడైనా ఇచ్చారా? బిల్లు మీద ‘బీడింగ్ వర్క్’ అని ఒక్క ముక్క రాస్తారు.

మేస్త్రీ: ఇవ్వలేదు. ఇవ్వాలి.

యజమాని: ఇంత పాత బండి మీద ఇంత పట్టుదల దేనికని మా ఇంట్లోనే అడుగుతున్నారు. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఆ ఫీజు ఒకప్పుడు 600, 2022 ఏప్రిల్ నుంచి 5,000, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. పైన గ్రీన్ ట్యాక్స్. బండి ఉంచుకోవడం ఏటేటా బరువవుతోంది. ఆ బరువు మోయడానికి నేను సిద్ధమే, కాని ప్రతి చిన్న పనికీ షెడ్డు ఖర్చు కూడా కలిస్తే ఒక రోజు తుక్కుకు ఇచ్చేయక తప్పదు. నేను బీడింగు మార్చుకుంటే ఈ బండి ఇంకొన్నేళ్లు రోడ్డు మీద ఉంటుంది. రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ పెద్ద పనులకు మీ దగ్గరికే వస్తుంది.

మేస్త్రీ: ఆ లెక్క నాకు నచ్చింది. తుక్కుకు పోయిన బండికి నా అవసరం లేదు. అయితే పెద్ద పని ఏదో తేల్చేది ఎవరు? ఈ బండి మొదట ఎక్కడ తిరిగింది?

యజమాని: విశాఖలో. పదకొండేళ్లు బీచ్ రోడ్డుకు దగ్గర్లోనే ఉన్నాం. తర్వాత విజయవాడ వచ్చేశాం.

మేస్త్రీ: అదీ సంగతి. సముద్రపు గాలి తగిలిన బండి. ఇక్కడి ఎండకు రబ్బరు పోతుంది, అక్కడి ఉప్పుకు ఇనుము పోతుంది. మీ బండి రెండూ చూసింది. బీడింగు క్లిప్పు కూర్చునే అంచు ఒంటి రేకు కాదు. బయటి రేకు, లోపల బలం కోసం పెట్టిన ఇంకో రేకు, రెండూ కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటాయి. తుప్పు ఆ రెండింటి మధ్య మొదలవుతుంది. పైకి ఏమీ ఉండదు. మీరు ఎమెరీ కాగితంతో అంచు రుద్ది, తుప్పు మందు రాసి, ప్రైమర్ వేసి, బాగుందనుకుని బీడింగు నొక్కేస్తారు. నొక్కిన ఒత్తిడికి రేకుల మధ్య ఉన్న పొర ఇంకా విచ్చుకుంటుంది. నేనైతే స్క్రూడ్రైవర్ పిడితో అంచు పొడుగునా మెల్లగా తట్టుకుంటూ పోతాను. డాక్టరు వీపు మీద వేలితో తట్టి విన్నట్టు. మంచి రేకు ఒక మాట చెబుతుంది, లోపల తినేసిన రేకు ఇంకో మాట చెబుతుంది. అది విని పోల్చుకోవడానికి మీరు ఎన్ని డోర్లు తట్టారు?

యజమాని: ఒక్కటీ తట్టలేదు. నా దగ్గర ఉన్నది ఒక అయస్కాంతం. ఇంతకు ముందు ఎక్కడైనా పుట్టీ పెట్టి రంగు వేసి ఉంటే అక్కడ అతుక్కోదని విన్నాను.

మేస్త్రీ: మందంగా పెట్టిన పుట్టీ దొరుకుతుంది. పల్చటి తుప్పు దొరకదు, దాని మీద కూడా అతుక్కుంటుంది.

యజమాని: అయితే ఒక గీత గీద్దాం. పట్టీ తీయడం, అంచు తుడవడం, బెజ్జాలు తీయడం, కొత్త పట్టీ వేయడం నావి. అంచు మీద తుప్పు కనిపిస్తే ఆపేసి మీ దగ్గరికి వస్తాను.

మేస్త్రీ: కనిపిస్తే అంటున్నారు. కనిపించే తుప్పు గురించి నాకు దిగులు లేదు. దాన్ని చూసి ఎవరైనా వస్తారు. రంగు కింద గోరంత పొంగు ఉంటుంది, వేలు పెడితే గరుకు కూడా తగలదు, వెలుతురు పక్క నుంచి పడితేనే తెలుస్తుంది. దాన్ని మీరు దుమ్ము అనుకుంటారు. నా గీత వేరే చోట ఉంది. పాత బీడింగులు మీరే ఊడదీయండి, టేపు వేసుకుని, మీ తీరికతో, మా కుర్రాడి కంటే జాగ్రత్తగా. ఊడదీశాక కొత్తవి వేయకుండా బండిని అలాగే నా దగ్గరికి తీసుకురండి. నాలుగు అంచులూ చూస్తాను. బాగుంటే మీరే ఇక్కడే నొక్కుకోండి, లేబర్ తీసుకోను. మా కుర్రాడు పక్కన నిలబడి మీరు టేపు ఎలా వేశారో చూస్తాడు.

యజమాని: బాగాలేదంటారు. ప్రతి పాత బండిలోనూ ఏదో ఒకటి బాగుండదు. ఇరవై రెండేళ్ల డోరు మీ ముందు పెట్టి ‘ఏమైనా చూడండి’ అంటే మీ కంటికి పని కనపడుతుంది. నాలుగు డోర్లూ కోసి వెల్డింగ్ పెట్టాలంటారు. అది నిజమో కాదో తేల్చే దారి నాకు ఉండదు. ఇన్నాళ్లూ నన్ను షెడ్డు దగ్గర నిలబెట్టిన చోటే మళ్లీ నిలబెడుతున్నారు.

మేస్త్రీ: నిజమో కాదో మీ చేత్తో చూపిస్తాను. మొన్ననే కోసి పక్కన పడేసిన డోరు ఒకటి వెనకాల ఉంది. దాన్ని తట్టండి, తర్వాత మీ డోరు తట్టండి.

యజమాని: ఆ డోరు ముందు చూపించండి. బండి తీసుకురావడం, రాకపోవడం అది విన్నాక చెబుతాను.

మేస్త్రీ: వినండి. ఒక్కసారి తట్టి విన్నంత మాత్రాన చెవికి తెలిసిపోయిందని మాత్రం అనుకోకండి.

యజమాని: మీ కుర్రాడికి మాత్రం మొదటిసారి తెలిసిందా?

మేస్త్రీ: లేదు. అందుకే అతను తట్టిన తర్వాత ఇప్పటికీ నేను మళ్లీ తడతాను.

యజమాని: నేను తట్టిన తర్వాత కూడా తట్టండి. కాని ముందు తట్టేది నేనే.